వెళ్ళేముందు సర్దుడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్ళు. ఎవరైనా గదిలోంచి లేచారంటే చాలు, వెనకాలే వెళ్ళి గోడకున్న స్విచ్చి ఆపేసే నాయనమ్మ. ముందుగదిలో కుట్టుపని దుకాణం నడిపే అత్త. ఆ దుకాణంలో ఎంబ్రాయిడరీ మిషను ముందు రాజులా కూర్చునే మామయ్య. మిషనుకు చేతకాని పనంతా చేత్తో చేసే అమ్మ. ఆఖరున పిట్ట. నాన్న లేడు, లారీలో సరుకు వేసుకుని ఏ దారిలోనో ఉన్నాడు. మనుషుల లెక్కలోకి రాదు గానీ మిషనును కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ రోజు ఇంట్లో తిట్లు తిన్నది అదీ, పిట్టా. అది ఇనుము కాబట్టి దానికి నొప్పి లేదు.

పిట్ట అసలు పేరు బడి హాజరు పట్టీలో ఉంది. ఇంట్లో ఆ పేరుతో ఎవరికీ పనిపడలేదు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గదా, ఈ పిట్ట కొంచెం, కూత అంతకన్నా కొంచెం. ఆ పిల్ల ఏదైనా అంటే ఎవరికీ ఒకపట్టాన వినపడదు. "ఏమన్నావే?" అని రెట్టించి అడిగితే "ఏం లేదు" అంటుంది. అలా ఆ పిల్ల గొంతులోనే ఉండిపోయిన మాటలు పోగేస్తే ఒక గాదె నిండేది.

మిషను ఎవరో వాడి వదిలేసినది. దాన్ని కొన్నప్పుడు దానితోపాటు ఒక పాత కంప్యూటరు, అందులో మిషను కంపెనీవాళ్ళ ప్రోగ్రామూ వచ్చాయి. కొన్నాళ్ళకు ఆ ప్రోగ్రాము మొండికేసింది. అత్త "తుక్కు ఇనుము వాడికి వేసేద్దాం" అంది. అప్పుడు పిట్ట బడిలో కంప్యూటర్లు చెప్పే టీచరును అడిగి, అడిగి, సెలవులన్నీ ఆ పాత కంప్యూటరు ముందే కూర్చుని, చిన్న ప్రోగ్రాము ఒకటి రాసింది. అది బొమ్మను చదివి, ఇక్కడ ఒక కుట్టు వెయ్యి, అక్కడ ఒక కుట్టు వెయ్యి అని మిషనుకు చెబుతుంది. మొదటిసారి మిషను పాతగుడ్డ మీద కుట్టినది అత్త పేరులోని మొదటి అక్షరం. ఆ గుడ్డముక్కను అత్త ఇప్పటికీ కత్తెరల పెట్టెలో దాచుకుంది. అంటే అత్త చెడ్డమనిషి కాదు. గుడ్డ ఇచ్చినవాళ్ళకు జవాబు చెప్పుకోవలసింది ఆవిడే కాబట్టి ఆవిడ నోరు అలా తయారైంది.

ఆ ప్రోగ్రాములో పిట్టకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చివరిది. కంచం తీయకుండా లేవకూడదు అని నాయనమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. పిట్ట అదే మాట ప్రోగ్రాముకూ నేర్పింది. ఎందుకు ఆగినా సరే, ఆగిపోయేముందు అంతా సర్దిపెట్టాలి. సూదిని గుడ్డలోంచి పైకి ఎత్తాలి, దారం తెంపాలి, గుడ్డను పట్టుకున్న చట్రాన్ని దాని మూలకు చేర్చాలి. ఆ తర్వాతే వెళ్ళాలి. ఆ ముక్కకు పిట్ట 'సర్దుడు' అని పేరు పెట్టుకుంది. అది నడుస్తున్నంతసేపూ తెర మీద 'సర్దుతున్నాను, ఆగండి' అని కనపడుతుంది. పని పూర్తయి ఆగినా సర్దింది. మధ్యలో ఇంటూ గుర్తు నొక్కి ఆపినా సర్దింది. కీబోర్డు మీద మీటలు నొక్కి ఆపినా సర్దింది. పిట్ట అన్ని రకాలుగానూ ఆపి చూసింది.

అయినా కొద్దిరోజులుగా గుడ్డలు చిరుగుతున్నాయి. రోజూ కాదు, అప్పుడప్పుడు. మిషను మొదలుపెట్టగానే చట్రం ఒక్క గుంజు గుంజడం, గుడ్డ పర్రుమనడం, సూది విరగడం. ఇలా రెండుమూడుసార్లు అయ్యాక అత్త తేల్చి చెప్పింది.

"ఇంకొక్క గుడ్డ చిరిగిందా, ఆ కంప్యూటర్ల స్క్రూడ్రైవరాయన్ని పిలిపించి ఆయన ప్రోగ్రాము పెట్టిస్తా. నువ్వు మళ్ళీ ఈ గది గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

కాళ్ళ సంగతి పిట్టకు పెద్ద లెక్కలేదు. అత్త ఎవరి కాళ్ళూ విరగ్గొట్టలేదు. కానీ గది? ఈ ఇంట్లో పిట్ట మాట ఒక్కసారికే వినేది ఆ మిషను ఒక్కటే. ఎత్తు అంటే ఎత్తుతుంది, దించు అంటే దించుతుంది, "ఏమన్నావే?" అని అడగదు. ఆ గది పోతే పిట్టకు ఇంట్లో మిగిలేది వంటింటి కిటికీ దగ్గర పీట.

ఆ రోజు మిషను మీద ఉన్నవి ఒక ఆటగాళ్ళ జట్టు చొక్కాలు. వీపు మీద అంకెలు, గుండె మీద జట్టు గుర్తు. మర్నాడే పోటీ, సాయంత్రం కోచ్ వచ్చి పట్టుకుపోతాడు. మామయ్య పొద్దున్నే చేతులు రుద్దుకుంటూ వచ్చి కూర్చుని, కంప్యూటరు ఆన్ చేసి, మీట నొక్కాడు.

పర్రుమంది.

"ఓసి దీని దుంప తెగ!"

అత్త చేతిలో కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. "మళ్ళీనా?"

"మళ్ళీనే. నేను మీట నొక్కానంతే. ఇంకేదీ ముట్టుకుంటే ఒట్టు."

"పిట్టా! ఎక్కడ చచ్చావే?"

పిట్ట ఎక్కడా చావలేదు. తలుపు పక్కనే నిలబడి ఉంది. చొక్కా వీపు మీద పక్కటెముకంత పొడుగున చిరుగు, దాని కొసన విరిగిన సూది ముక్క. 

"సర్దుడు రాశానత్తా. ఆగేముందు సూది ఎత్తమని..."

"ఏంటి?"

"సర్దుడు..."

"సర్దుడా! నా మొహం సర్దుడు. ఇదేనా నీ సర్దుడు? చొక్కా నిలువునా చింపి చేతిలో పెట్టడమేనా?" అత్త అమ్మ వైపు తిరిగింది. "చూడమ్మా, నీ కూతురు చేసిన ఘనకార్యం."

 ఆడపడుచు ఇంట్లో ఉంటూ, ఆడపడుచు దుకాణంలో పనిచేస్తూ అమ్మ ఏమంటుంది? చొక్కాను తీసుకుని వెలుతురులో పెట్టి చూసి, "జట్టు గుర్తు ఇంకోటి కుట్టి దీని మీద వేస్తే కనపడదు వదినా, నేను చూసుకుంటా" అంది. పిట్ట వైపు మాత్రం ఇప్పుడు మాట్లాడకు అన్నట్టు ఒక చూపు చూసింది.

అత్త ఫోను తీసి స్క్రూడ్రైవరాయనకు చేసింది. ఆయన వాళ్ళ వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు పెట్టుకు తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తానన్నాడు.

"విన్నావుగా? ఆయన వచ్చేదాకా, వచ్చాకా, ఆయన వెళ్ళాకా నువ్వు ఈ గదిలో కనపడకూడదు."

పిట్ట గడప అవతలికి జరిగింది. అవతలే గానీ, అక్కడే. మామయ్య కొత్త సూది బిగిస్తుంటే అడిగింది.

"మామయ్యా, నిన్న ఎలా ఆపారు?"

"ఆఁ?"

"నిన్న. ఎలా ఆపారు?"

"ఎలా ఆపుతారే? నువ్వు చెప్పినట్టే. ఆ మూల ఇంటూ గుర్తు నొక్కాను. సర్దుతున్నాను ఆగండి అంది. సరే, సర్దుకో తల్లీ అని నేను భోజనానికి పోయాను."

"మీరు ఆగలేదా?"

"నేనెందుకు ఆగాలి? సర్దేది అది. నేను కాదుగా."

నిజమే. అందులో తప్పేముంది? పిట్ట ఎంత ఆలోచించినా దారం కొస దొరకలేదు. ఇంటూ నొక్కాడు, సర్దుడు మొదలైంది. మరి సూది గుడ్డలో ఎందుకుంది?

మామయ్య తరువాతి చొక్కా పెట్టి మొదలుపెట్టాడు. ఈసారి బాగానే నడిచింది. సూది టకటకమని ఎగిరిపడుతూ వీపు మీద అంకె ఒకటి గీస్తోంది. అది పూర్తికావస్తుండగా వీధిలోంచి అత్త కేక వేసింది. గుడ్డల మూటలు దింపాలట. మామయ్య ఉస్సురని లేచి, ఇంటూ నొక్కి, వీధిలోకి వెళ్ళిపోయాడు. తెర మీద 'సర్దుతున్నాను, ఆగండి' అని వచ్చింది.

మిషను ఆగలేదు. అప్పటికే ప్రోగ్రాము పంపిన కుట్లు కొన్ని దాని కడుపులో ఉంటాయి. అవి కుట్టేశాకే అది కొత్త మాట వింటుంది. నోట్లో ముద్ద మింగాక జవాబు చెప్పే పద్ధతిగల మనిషిలాగ. అది పిట్టకు తెలిసిందే. అందుకే 'ఆగండి' అని రాసింది.

అప్పుడు నాయనమ్మ చెప్పుల చప్పుడు వినపడింది. టపటపా వచ్చింది, పిట్టను దాటుకుని గదిలోకి వెళ్ళింది. ఖాళీ కుర్చీని చూసింది. "మనిషి లేని గదిలో ఏమిటే ఈ గోల" అని గోడ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

టక్.

కంప్యూటరు ఆరిపోయింది. మిషను ఆరిపోయింది. సూది చొక్కా వీపులో దిగినది దిగినట్టే నిలబడిపోయింది.

పిట్ట నోరు తెరుచుకుంది. దారం కొస దొరికింది.

"నాయనమ్మా! నువ్వా!"

"నేనేమిటే, నేను కాక ఎవరు ఆపుతారు? అల్లుడుగారు లేచి వెళ్ళారు కదా."

"నిన్నా ఆపావా?"

"రోజూ ఆపుతా. ఆయన లేచి వెళ్ళాకే ఆపుతా. ఆయన కూర్చుని ఉండగా ఆపితే తప్పు. ఆమాత్రం నాకు తెలియదా?"

మామయ్య చేసింది తప్పు కాదు. నాయనమ్మ చేసిందీ ఆవిడ లెక్కలో తప్పు కాదు. ఆయన లేచాక ఆవిడ వచ్చేలోపు ఎన్ని కుట్లు మిగిలాయన్నదే అసలు సంగతి. ఆవిడకు మోకాళ్ళ నొప్పి ఉన్నరోజు సర్దుడు గెలిచింది. లేనిరోజు చొక్కా చిరిగింది.

"అది సర్దుకుంటోంది నాయనమ్మా. సర్దుకునేదాకా ఆపకూడదు."

"ఏమన్నావు?"

"సర్దుకునేదాకా ఆపకు!"

"ఏమిటే సర్దుకునేది, దానికేమైనా పెట్టేబేడా ఉందా?" నాయనమ్మ నవ్వింది. వెంటనే మొహం మార్చుకుంది. "నీకు తెలీదు. మీ తాత ఉండగా ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయి పెళ్ళికి వెళ్ళాం. వచ్చేసరికి బల్ల కాలింది, బల్ల మీద బట్టలు కాలాయి, గోడంతా మసి. పక్కింటివాళ్ళు చూడబట్టి ఇల్లు మిగిలింది. అప్పుడు పట్టుకున్నా ఈ స్విచ్చి. చచ్చేదాకా వదలను."

ఇక ఆవిడతో వాదించడమంటే గోడకు చెప్పుకోవడమే. గోడ నయం, అది స్విచ్చి ఆపదు.

మామయ్య మూట భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. పిట్ట ఆయనకు అడ్డంగా వెళ్ళింది. "మామయ్యా, ఇప్పుడు మీట నొక్కకండి. సూది లోపలే ఉంది. మళ్ళీ చిరుగుతుంది."

"అడ్డు లేవే, మూట బరువుగా ఉంది."

"సూది లోపలే ఉంది మామయ్యా!"

ఆయన మూట దింపి, వెళ్ళి చూశాడు. నిజంగానే లోపల ఉంది. చేత్తో సూది ఎత్తడానికి పక్కన ఒక చక్రం ఉండాలి. అది వీళ్ళు కొనకముందే విరిగిపోయింది. మోటారు ఎత్తాలి, లేకపోతే లేదు. "మీ అత్తకు చెప్తే నన్నూ వాయిస్తుంది" అని మామయ్య గొణిగాడు. "స్క్రూడ్రైవరాయనే వచ్చి చూస్తాడులే. ముందు తిందాం పద."

"నేను చేస్తా మామయ్యా. కొంచెంసేపు చాలు."

"నువ్వు చేసిన దానికే ఇంతా. మహాతల్లీ, నీకు దణ్ణం" అని చేతులు జోడించాడు.

పిట్టకు ఏడుపు రాలేదు. ఏడుపు కంటే పెద్దదేదో వచ్చింది. పళ్ళు గట్టిగా కొరుక్కుంది. ఎందుకు చిరుగుతోందో ఈ ఇంట్లో తెలిసినది తనొక్కతికే. అడిగేవాడు ఒక్కడు లేడు. చెబుదామంటే సగం మాటకే ఎవరో ఒకరు లేచిపోతారు. నాయనమ్మ స్విచ్చి మిషనుకు ఒక్కదానికే కాదేమో అనిపించింది ఆ పిల్లకు.

అయినా చెబితే మాత్రం ఏం లాభం? నాయనమ్మను ఆపలేం. స్విచ్చికి అడ్డంగా అట్ట కడితే పీకేస్తుంది. సర్దుడు ఇంకా తొందరగా అయ్యేలా రాస్తే? ఎంత తొందరగా రాసినా టక్‌మనడం కంటే తొందరగా అవదు. పీక నులిమేశాక వీలునామా రాయమంటే ఎవరు రాస్తారు?

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు. నాయనమ్మ తన కంచం అందుకుని, లేచి, పంపు దగ్గరికి పోయి కడగడం మొదలుపెట్టింది.

"అమ్మా, అది కడిగిన కంచమే" అంది అత్త. రోజూ అనే మాటే.

"ఎప్పుడు కడిగావు?"

"రాత్రి."

"రాత్రి నుంచి ఇప్పటిదాకా దీని మీద బల్లి పాకిందో, బొద్దింక పాకిందో, నువ్వు పక్కన కాపలా ఉన్నావా?"

"మరి రాత్రి కడగడం ఎందుకు, ఇప్పుడు కడగడం ఎందుకు? ఉద్యోగమా ఇది?"

"రాత్రి కడిగింది నీ మర్యాద. ఇప్పుడు కడిగేది నా కడుపు కోసం."

మామయ్య పకపకా నవ్వాడు. అమ్మ కూడా పెదవి కొరుక్కుంది. పిట్ట చేతిలో ముద్ద మాత్రం గాలిలోనే ఆగిపోయింది.

వెళ్ళేముందు సర్దడం మర్యాద. మర్యాద ఒక్కోసారి కుదరదు. వచ్చీరాగానే సర్దితే?

వెళ్ళినవాడు ఎలా వెళ్ళాడో ప్రోగ్రాముకు ఎందుకు? బల్లి పాకిందనే అనుకోవాలి. తెరుచుకోగానే, ఏమీ అడగకుండా, సూది పైనే ఉందని నమ్మకుండా, ముందు సూది ఎత్తు. దారం తెంపు. చట్రాన్ని మెల్లగా మూలకు చేర్చు. అప్పుడు మొదలుపెట్టు. ఆ సర్దుడు రాసే ఉంది. దాన్నే చివరతోపాటు మొదట్లోనూ పిలిస్తే చాలు. ఒక్క వరస!

"కడుపు నొప్పి" అని పిట్ట లేచింది.

"అన్నం ముందు నుంచి లేవకూడదే" అంది నాయనమ్మ. "కంచం తీయవేం?"

జీవితంలో మొదటిసారి పిట్ట కంచం తీయకుండా వెళ్ళిపోయింది.

గదిలోకి దూరి, గోడ స్విచ్చి వేసి, కంప్యూటరు ఆన్ చేసింది. ఆ పాతది మేలుకోవడానికి ఎంతసేపు తీసుకుంటుందో! ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, గుర్రుమని, అప్పుడు తెర చూపించింది. వంటింట్లో కంచాల చప్పుడు వినపడుతోంది. పిట్ట ప్రోగ్రాము తెరిచి, మొదటి వరసల్లోకి వెళ్ళి, సర్దుడును పిలిచే వరస రాసింది. తప్పుపడింది. చెరిపి మళ్ళీ రాసింది. దాచమని మీట నొక్కుతుండగా వెనక నుంచి కేక.

"చెయ్యి తియ్యి!"

అత్త. ఎంగిలి చెయ్యి అలాగే ఉంది.

"కడుపు నొప్పి అని చెప్పి ఇక్కడికి దూరావా? పొద్దున చెప్పింది చెవిన పడలేదూ? మిగతావి కూడా చింపి పెడదామనా?"

"అత్తా, బాగైపోయింది, ఒక్క..."

"నువ్వు బాగుచేసిన కొద్దీ నాకు చిరుగుతున్నాయి!" అత్త ఎడమచేత్తో గోడ స్విచ్చి టక్‌మని ఆపేసింది.

తల్లి పోలికలు ఎక్కడికి పోతాయి!

పిట్ట నల్లబడిన తెర వైపు చూస్తూ నిలబడింది. మీట నొక్కాను. నొక్కానా? నొక్కితే మాత్రం డిస్కు మీద రాసుకునేంత తీరిక దానికి దొరికిందా? ప్రోగ్రాముల సంగతి తర్వాత, ఇప్పుడు తన పని కూడా సూది గుడ్డలో ఉండగానే ఆగిపోయింది. అది బయటపడేది మళ్ళీ మీట నొక్కినప్పుడే. అప్పుడు సూది లేస్తే లేచినట్టు. లేకపోతే ఇంకో చొక్కా పోయినట్టు, దాంతోపాటు గది కూడా.

స్క్రూడ్రైవరాయన మాట ప్రకారం వచ్చాడు. వస్తూనే మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. బ్రష్‌తో దుమ్ము దులిపాడు. తీగ ఒకటి పీకి, దాని నోట్లో ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చి, స్క్రూ రెండు చుట్లు తిప్పాడు. మామయ్య పక్కన చేతులు కట్టుకుని, డాక్టరు దగ్గర పేషెంటు తాలూకు మనిషిలా నిలబడ్డాడు. అత్త గుమ్మంలో. పిట్ట అత్త వెనక, ఆవిడ మోచేతి సందులోంచి చూస్తూ.

"ఇప్పుడు ఆన్ చెయ్యండి" అన్నాడు ఆయన.

మామయ్య ఆన్ చేశాడు. కంప్యూటరు ఆవులించింది.  ప్రోగ్రాము తెరుచుకుంది. మామయ్య మీట మీద వేలు పెట్టబోయాడు. పెట్టకముందే మిషను కదిలింది.

జుయ్‌మని సూది పైకి లేచింది. కిచ్‌మని దారం తెగింది. చట్రం పెద్దమనిషి నడకలా మెల్లగా జరిగి జరిగి మూలకు చేరి ఆగింది. చొక్కాకు చిన్న గాటు కూడా లేదు. తెర మీద 'సర్దుతున్నాను, ఆగండి' అని వచ్చి, మాయమైంది.

"ఓర్ని!" అన్నాడు మామయ్య. "చెయ్యి పడిందో లేదో దారికొచ్చింది!"

"తీగ వదులైందండీ" అన్నాడు స్క్రూడ్రైవరాయన. "చూడ్డానికి చిన్నదే. తెలియాలి కదా."

అత్త గుండెల నిండా గాలి పీల్చుకుంది. "మీ మేలు మరిచిపోను."

"అది నేను..." అంది పిట్ట.

మిషను మళ్ళీ టకటక మొదలుపెట్టింది. ఎవరికీ వినపడలేదు. 'ఏమన్నావే' అని కూడా ఎవరూ అడగలేదు.

చొక్కాలన్నీ సాయంత్రానికి అయ్యాయి. ఆగిపోయిన అంకెకు మిగిలిన వంపును అమ్మ చేత్తో కుట్టింది, చిరిగిన దాని మీద గుర్తు వేసింది. కోచ్ వచ్చి, ఒక్కోటి విప్పి చూసి, అమ్మ అతికిన చొక్కాను చూపించి "దీని మీద గుర్తు అన్నిటికన్నా బాగుంది" అని పట్టుకుపోయాడు. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకుంది పిట్ట. ఆ పిల్ల పొద్దుటి నుంచీ అనుకుంటున్న మాటలను వరసగా పేర్చుకుంది. నాయనమ్మ స్విచ్చి, మిగిలిన కుట్లు, కంచం, బల్లి. గదిలోకి వెళ్ళేసరికి స్క్రూడ్రైవరాయన మళ్ళీ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు.

"పిల్లలు రాసినవి ఆటలకు పనికొస్తాయండీ, వ్యాపారానికి కాదు" అంటున్నాడు అత్తతో. "పాతవన్నీ తుడిచేసి మాది పెట్టేస్తా. కడిగిన కంచంలా ఉంటుంది."

"పెట్టేయండి" అంది అత్త.

"వద్దత్తా!"

ఆ గొంతు ఎవరిదా అని ఆయనా, అత్తా, మామయ్యా ముగ్గురూ తిరిగి చూశారు. పిట్టకే తన గొంతు కొత్తగా ఉంది.

"తీగ కాదు. నేను పొద్దున... మధ్యాహ్నం నేనే రాశాను. రాగానే సర్దమని. అందుకే సూది లేచింది. అది తుడిస్తే మళ్ళీ చిరుగుతుంది." స్క్రూడ్రైవరాయన వైపు తిరిగింది. "మీ ప్రోగ్రాము రాగానే సర్దుతుందా అండీ? మధ్యలో కరెంటు పోతే?"

ఆయన నవ్వాడు. పసిపిల్లను చూసి నవ్వినట్టు. "కరెంటు ఎందుకు పోతుందమ్మా? పద్ధతిగా ఆపితే ఏ ప్రోగ్రామైనా పద్ధతిగానే ఆగుతుంది."

"పద్ధతిగా ఎవరూ ఆపరండీ! మా నాయనమ్మ..."

"నోర్ముయ్" అంది అత్త. "ఇప్పుడు నాయనమ్మ మీదికి తోస్తున్నావా? పెద్దావిడ చేసిందా ఇదంతా?"

"తొయ్యట్లేదత్తా, మామయ్యకూ తెలుసు, అడగండి. సూది లోపల ఉండిపోయిందని నేనే చెప్పాను కదా మామయ్యా!"

మామయ్య చొక్కా గుండీ చూసుకున్నాడు. "ఏదో అంది. మూట మోస్తున్నా, సరిగా వినపడలేదు."

వసారాలోంచి నాయనమ్మ గొంతు వచ్చింది. "ఏమిటే, నా పేరు వినపడుతోంది?"

"ఏం లేదమ్మా!" అని అత్తే జవాబు చెప్పి పిట్ట భుజం పట్టుకుంది. గట్టిగా కాదు. అలసిపోయిన చెయ్యి అది. "చూడు, పొద్దుటి నుంచి నా ప్రాణం విసిగిపోయింది. పని కుదిరింది. ఇక దీన్ని కెలకొద్దు. వెళ్ళు."

"నా పెన్సిలు డబ్బా, నా కాగితాలు... తీసుకుంటా. కొంచెం ఆగండత్తా, అవి తీసుకుని..."

"తర్వాత అమ్మ తెచ్చిస్తుంది."

"ఒక్క వరస అత్తా. ఆయన దాంట్లో కూడా ఆ ఒక్క వరస పెట్టమనండి. మొదట్లో. తెరవగానే..."

అత్త వీపు వెనక స్క్రూడ్రైవరాయన మీట నొక్కాడు. తెర మీద పాతవి ఒక్కొక్కటే తుడుచుకుపోతున్నాయి, కొత్తది ఇంకా రాలేదు. పని అయ్యేలోగా టీ తాగొద్దురు రండి అని మామయ్య ఆయన్ను లేపాడు. ఇద్దరూ లోపలి గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్ళారు. కుర్చీ ఖాళీ అయింది. వసారాలో మంచం కిర్రుమంది. నాయనమ్మ చెప్పులు వెతుక్కుంటోంది.

"అత్తా, నాయనమ్మ వస్తోంది, స్విచ్చి..."

అత్త పిట్టను గడప అవతలికి జరిపి తలుపు వేసేసింది.